అగ్నిమాపక సీరియళ్ల డీవీడీలు: ఏ సీజన్ కొంటే మంచిది?

ఫైర్ స్టేషన్ నేపథ్యంగా వచ్చిన ఇంగ్లిష్ సీరియళ్లను డిస్కుల రూపంలో కొనాలనుకునేవారు సాధారణంగా వాటిలో ఏది గొప్పదని అడుగుతారు. కొనుగోలు విషయానికి వస్తే అంతకంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. ఏ సీజన్ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది? ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు చూశాక కథ వేరే సీరియల్లోకి వెళ్లిపోయి, ఆ సీరియల్ పెట్టె మన దగ్గర లేకపోతే, డబ్బు పూర్తిగా ఇచ్చి సగం కథ తెచ్చుకున్నట్టే. అందుకే ఇక్కడ సీజన్లను పోలుస్తున్నాను, అందులోనూ మొదటి సీజన్లనే. వరస తెలియకుండా మధ్యలో చేరితే ఈ తరహా కథల్లో ఎవరు ఎవరి మీద ఎందుకు అలిగారో అర్థం కావడానికే ఒక డిస్కు ఖర్చవుతుంది.

పోలికకు నాలుగింటిని తీసుకున్నాను. లాస్ ఏంజెలస్ నేపథ్యంలో 1972లో మొదలైన ‘ఎమర్జెన్సీ!’, లండన్ కథ అయిన ‘లండన్స్ బర్నింగ్’, న్యూయార్క్‌లో సాగే ‘రెస్క్యూ మీ’, 2012లో వచ్చిన ‘షికాగో ఫైర్’. ఇవి ఒకే వృత్తిని నాలుగు కాలాల్లో, నాలుగు రకాల మనస్తత్వాలతో చూపిస్తాయి కనుక ఎంపికలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. స్ట్రీమింగ్ ఉండగా డిస్కులెందుకన్న చర్చను ఇక్కడ పెంచను. ప్రసార హక్కులు చేతులు మారినప్పుడల్లా జాబితాలోంచి సీజన్లు మాయమవడం చూసి విసిగినవారే ఈ పోలికకు అసలు పాఠకులు.

కొనే ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముందు ప్లేయర్ సంగతి చూసుకోవాలి. డీవీడీలకు ప్రాంతాల వారీగా తాళాలు ఉంటాయి. అమెరికా, కెనడాలది ఒకటో ప్రాంతం, బ్రిటన్‌ది రెండు, భారతదేశానిది ఐదు. బ్లూరే డిస్కుల లెక్క వేరు. అక్కడ అమెరికాకు ‘ఏ’, బ్రిటన్‌కు ‘బీ’, మనకు ‘సీ’. ఇది కాక ప్రసార పద్ధతుల తేడా ఒకటి ఉంది: అమెరికా డీవీడీలు 480 గీతల ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలోనూ, బ్రిటన్ డీవీడీలు 576 గీతల పాల్ పద్ధతిలోనూ ఉంటాయి. మన దేశంలో అమ్మిన ప్లేయర్లు, టీవీలు చాలావరకు రెండు పద్ధతులనూ చూపిస్తాయి. అమెరికాలో అమ్మిన ప్లేయర్లలో పాల్ డిస్కును తిరస్కరించేవే ఎక్కువ. అంటే లండన్ నుంచి తెప్పించిన పెట్టె విజయవాడలో అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే ప్లేయర్‌లో ఇబ్బంది లేకుండా నడవవచ్చు, అదే పెట్టె డాలస్‌లోని బంధువుల ఇంట్లో తెరుచుకోకపోవచ్చు. కంప్యూటర్ డ్రైవ్‌లో చూద్దామనుకునేవారు దాని ప్రాంతాన్ని సాధారణంగా ఐదుసార్లు మాత్రమే మార్చుకోగలరని, ఆ తరువాత చివరిగా పెట్టిన ప్రాంతమే స్థిరపడిపోతుందని గుర్తుంచుకోవాలి. ఎవరైనా అమెరికా నుంచి ప్లేయర్‌నే తెచ్చి ఇస్తామంటే, దాని వెనక స్టిక్కర్ మీద 100–240 వోల్టులని ఉందో, 120 అని మాత్రమే ఉందో అడిగి చూడండి. రెండోదైతే మన ప్లగ్గులో పెట్టిన మరుక్షణమే దాని పని అయిపోతుంది.

రెండవది, పైన చెప్పినట్టు సీజన్ తన కాళ్ల మీద తాను నిలబడడం. మూడవది, పనిని ఎంత నిజంగా చూపించారన్నది. నిజమైన ఇంటి మంటలో ముందు కనిపించేది పొగ; లోపలికి వెళ్లినవారికి తమ చెయ్యి తమకే కనిపించదు. టీవీలో నటుల ముఖాలు కనిపించాలి కనుక ఏ సీరియలైనా పొగను తగ్గించి మంటను పెంచుతుంది. ఆ రాజీని ఒప్పుకున్న తరువాత మిగిలిన పని తీరులో, అంటే పరికరాలు, ఆదేశాలు, ఎవరి బాధ్యత ఏమిటన్న వాటిలో ఎంత శ్రద్ధ పెట్టారో చూడాలి. నాలుగవది, హాల్లో టీవీ ముందు ఎవరెవరు కూర్చుంటారన్నది. దీనిని తేలికగా తీసుకుంటే మొదటి పది నిమిషాల్లోనే రిమోట్ కోసం వెతుక్కోవలసి వస్తుంది.

సబ్‌టైటిళ్ల గురించి ఒక మాట. వీటిలో తెలుగు అక్షరాలను ఆశించవద్దు. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు మాత్రం తప్పనిసరిగా ఉన్నాయో లేదో పెట్టె వెనక చదవండి, ఎందుకంటే వాకీటాకీలో గరగరలాడుతూ వచ్చే ఆదేశాలు, లండన్ శ్రామికవాడల యాస ఇంగ్లిష్ బాగా వచ్చినవారికి కూడా ఒక పట్టాన చెవికెక్కవు.

| అంశం | ఎమర్జెన్సీ! | లండన్స్ బర్నింగ్ | రెస్క్యూ మీ | షికాగో ఫైర్ |
|---|---|---|---|---|
| ప్రసార కాలం | 1972–1977, ఎన్‌బీసీ | 1988–2002, ఐటీవీ | 2004–2011, ఎఫ్ఎక్స్ | 2012 నుంచి, ఎన్‌బీసీ |
| మొదటి సీజన్ నిడివి | రెండు గంటల తొలి చిత్రంతో మొదలయ్యే చిన్న సీజన్ | చిన్నది | 13 ఎపిసోడ్లు | 24 ఎపిసోడ్లు |
| తెర ఆకారం | పాత చదరపు తెర | పాత చదరపు తెర | వెడల్పు తెర | వెడల్పు తెర |
| మూల దేశపు డీవీడీ ప్రాంతం | 1 | 2 | 1 | 1 |
| కథ తీరు | ఏ ఎపిసోడ్‌కు ఆ ఎపిసోడే | సగం విడివిడిగా, సగం కొనసాగుతూ | పూర్తిగా కొనసాగే కథ | రోజువారీ ప్రమాదాలు, కొనసాగే వ్యక్తిగత కథలు |
| పిల్లలతో చూడవచ్చా | చూడవచ్చు | కొంచెం పెద్ద పిల్లలతో | వద్దు | పెద్ద పిల్లలతో, పక్కన ఉండి |

ఎమర్జెన్సీ!, మొదటి సీజన్

ఈ నాలుగింటిలో చరిత్ర విలువ దీనికే ఎక్కువ. ఆసుపత్రి బయట వైద్యం చేసేందుకు అగ్నిమాపక సిబ్బందికి శిక్షణనివ్వడం అప్పటికి అమెరికాలో కూడా చాలా కొత్త ఆలోచన. కాలిఫోర్నియాలో దీనికి వీలు కల్పించిన వెడ్‌వర్త్–టౌన్‌సెండ్ చట్టంపై అప్పటి గవర్నర్ రోనాల్డ్ రీగన్ 1970లో సంతకం చేశారు. సీరియల్ తొలి చిత్రం ఆ చట్టం కోసం జరిగిన వాదోపవాదాలనే కథగా తీసుకుంది. డాక్టర్లు కాని వాళ్ల చేతికి సూదిమందు ఎలా ఇస్తామని అనుమానించే డాక్టర్ బ్రాకెట్, చివరకు అదే చట్టం తరఫున మాట్లాడవలసి రావడం అందులోని నాటకీయత. 108 అంబులెన్స్ 2005లో హైదరాబాద్‌లో మొదలైనప్పటి నుంచి మనకు అత్యవసర వైద్యం, ఫైరింజన్ రెండూ వేర్వేరు శాఖలుగానే పరిచయం కనుక, గుండెపోటు వచ్చిన ఇంటికి అగ్నిమాపక వాహనం ఎందుకు వచ్చిందన్న సందేహం తెలుగు ప్రేక్షకునికి సహజంగా కలుగుతుంది. ఆ సందేహం ఈ తొలి చిత్రంతో తీరిపోతుంది. మిగతా అమెరికన్ సీరియళ్లు చూడడానికి కూడా అది పనికివస్తుంది.

ఒక్క దృశ్యాన్ని దగ్గరగా చూస్తే దీని పద్ధతి తెలుస్తుంది. జాన్ గేజ్, రాయ్ డిసోటో అనే ఇద్దరు పారామెడిక్కులు పడిపోయిన మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చుంటారు. నారింజ రంగు బయోఫోన్ పెట్టె మూత తెరిచి, రిసీవర్ చెవిన పెట్టుకుని, రాంపార్ట్ ఆసుపత్రిని పిలుస్తారు. నాడి ఇంత, రక్తపోటు ఇంత, శ్వాస ఇంత అని ఒకరు చెబుతుంటే అవతల గాజు గదిలో నర్సు డిక్సీ రాసుకుంటుంది. డాక్టర్ ఏ సెలైన్ పెట్టాలో చెబుతాడు. ఇవతల గేజ్ ఆ ఆదేశాన్ని పొల్లుపోకుండా తిరిగి వినిపించిన తరువాతే సూది తీస్తాడు. సంగీతం గానీ కన్నీళ్లు గానీ ఉండవు. ఈ తంతు ప్రతి ఎపిసోడ్‌లో రెండు మూడుసార్లు వస్తుంది. కొందరికి అదే విసుగు, నాకు అదే దీని బలం. ఫైరింజన్ నడిపే మైక్ స్టోకర్ అప్పట్లో నిజ జీవితంలోనూ లాస్ ఏంజెలస్ కౌంటీ అగ్నిమాపక ఉద్యోగి, సీరియల్లోనూ తన పేరుతోనే కనిపిస్తాడు. రేడియోలో చిరునామా చదివే గొంతు కూడా అసలైన కంట్రోల్ రూమ్ ఉద్యోగి సామ్ లేనియర్‌ది.

ఇక లోపాలు. వ్యక్తిగత జీవితాలు దాదాపుగా లేవు. రాయ్‌కు పెళ్లయిందని తెలుస్తుంది, అంతే. బొమ్మ చదరంగా ఉంటుంది కనుక పక్కల నల్లని పట్టీలు వస్తాయి; వాటిని పోగొట్టాలని టీవీలో సాగదీసే ఎంపిక నొక్కితే ఫైరింజన్ చక్రాలు కోడిగుడ్లలా కనిపిస్తాయి. 2005లో యూనివర్సల్ సంస్థ ఈ సీజన్ డీవీడీలను విడుదల చేసింది. ఆ రోజుల్లో ఆ సంస్థ పాత సీరియళ్లను కొన్నిసార్లు రెండు వైపులా ముద్రించిన డిస్కుల్లో ఇచ్చేది. అటువంటి డిస్కుకు పట్టుకోవడానికి బొమ్మ వైపు ఉండదు, ఏ వైపు కింద పెట్టినా గీత పడేది సినిమా మీదే. పాత ప్రతి కొనేవారు రెండు వైపుల ఫోటోలూ అడగాలి.

దేనికది ముగిసిపోయే కథలు కావడం వల్ల తరువాతి సీజన్లు కొనాలన్న ఒత్తిడి లేదు, ఒకవేళ మూడో సీజన్ చౌకగా దొరికితే దానితో మొదలుపెట్టినా నష్టం లేదు. ఈ సౌలభ్యం మిగిలిన మూడింటికీ లేదు.

షికాగో ఫైర్, మొదటి సీజన్

ఎక్కువ మంది పాఠకులకు నేను సూచించేది ఇదే, అయితే మొదటి సీజన్ వరకే. డిక్ వోల్ఫ్ నిర్మాణంలో మైకేల్ బ్రాంట్, డెరెక్ హాస్ రూపొందించిన ఈ సీరియల్ 2012 అక్టోబర్ 10న మొదలైంది. మొదటి సీజన్ డీవీడీలు 2013 సెప్టెంబరులో వచ్చాయి. తోటి ఉద్యోగి ఆండీ డార్డెన్ మంటల్లో చనిపోవడంతో కథ ఆరంభమవుతుంది. ట్రక్ 81 లెఫ్టినెంట్ మాథ్యూ కేసీ, స్క్వాడ్ 3 లెఫ్టినెంట్ కెల్లీ సెవరైడ్ ఒకరినొకరు నిందించుకుంటారు. ఒకే కప్పు కింద పడుకుని, ఒకే బల్ల దగ్గర తిని, ముఖాలు చూసుకోని ఇద్దరు ఒకే మంటలోకి వెళ్లాలి. ఇరవై నాలుగు ఎపిసోడ్లను నడిపించడానికి ఆ ఇరకాటం చాలు.

మన ప్రేక్షకులకు తికమక కలిగించేది బండ్ల తేడా. అక్కడ ఇంజన్ నీళ్లు, గొట్టాలు తెస్తుంది. ట్రక్ నిచ్చెనలు, తలుపులు పగలగొట్టే సామాను తెస్తుంది, దాని సిబ్బంది లోపల మనుషులను వెతుకుతారు, వేడి పొగ బయటికి పోయేందుకు పైకప్పుకు రంధ్రం కోస్తారు. స్క్వాడ్ కష్టమైన రక్షణ పనులు చూస్తుంది. కింద ఇల్లు కాలుతుంటే వీళ్లు పైకెక్కి రంపంతో కప్పు కోయడమేమిటని మొదటి ఎపిసోడ్‌లోనే అనుకునేవారికి కారణం ఇదే. తలుపు సందులో దూర్చి పెళ్లగించే హాలిగన్ అనే ఇనుప కడ్డీ దాదాపు ప్రతి ఎపిసోడ్‌లో కనిపిస్తుంది. న్యూయార్క్ అగ్నిమాపక అధికారి హ్యూ హాలిగన్ రూపొందించిన పనిముట్టు అది. స్టేషన్ బయటి భాగం కూడా కట్టుడు సెట్టు కాదు, బ్లూ ఐలాండ్ అవెన్యూలో ఉన్న షికాగో దళపు ఇంజన్ 18 స్టేషన్. ఆ దళంలో ఏళ్ల తరబడి పనిచేసిన స్టీవ్ చికెరోటిస్ సాంకేతిక సలహాదారుగా ఉన్నారు. అయినా ముఖాలకు తొడుగు లేకుండా మంటలో నిలబడి మాట్లాడుకునే సన్నివేశాలు తప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇది నిలదొక్కుకున్నాక దీనిలోంచి 2014 జనవరిలో పోలీసు సీరియల్ ‘షికాగో పీడీ’, 2015 నవంబరులో ఆసుపత్రి సీరియల్ ‘షికాగో మెడ్’ పుట్టాయి. అప్పటి నుంచి ఒక కథ ఇక్కడ మొదలై అక్కడ ముగిసే అలవాటు వచ్చింది. రెండవ సీజన్‌లో 2014 ఏప్రిల్‌లో వచ్చిన పేలుడు కథకు ముగింపు పోలీసు సీరియల్లో ఉంటుంది. మూడవ సీజన్‌లో నవంబరు నాటి కథ మూడు సీరియళ్ల మీదుగా, న్యూయార్క్ పోలీసు కథ అయిన ‘ఎస్‌వీయూ’ను కూడా కలుపుకుని సాగింది. ఇటువంటి సీజన్లు కొనేటప్పుడు, కలిసిన ఎపిసోడ్లను అదే పెట్టెలో చేర్చారో లేదో వెనక జాబితాలో చదవడం తప్పనిసరి. మొదటి సీజన్ నాటికి తోబుట్టువుల్లేరు. పోలీసు సీరియల్ నాయకుడు కాబోయే వాయిట్ అప్పటికింకా కేసీని వేధించే అవినీతి డిటెక్టివే. చివరి ముందు ఎపిసోడ్ ఆ రాబోయే సీరియల్‌కు తలుపు తీసినా, కొనుగోలుదారు దాటవలసిన గడప లేదు. కొన్ని కొసలను విప్పి వదిలినప్పటికీ కథ అక్కడితో ఆపుకోవచ్చు. రెండవ సీజన్ అలా కాదు, పేలుడు మీద ఆగి తరువాతి పెట్టె కొనిపించేలా ముగుస్తుంది.

నిడివి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎపిసోడ్ నలభై నిమిషాల పైచిలుకు చొప్పున మొత్తం పదహారు పదిహేడు గంటలు. తక్కువ ఎపిసోడ్లు కావాలనుకునేవారికి 2023 సమ్మెల వల్ల కుదించుకుపోయిన 13 ఎపిసోడ్ల పన్నెండవ సీజన్ ఆకర్షణీయంగా కనిపిస్తుంది గానీ, దానికి ముందు పదకొండు సీజన్ల సంసారం ఉంది.

రెస్క్యూ మీ, మొదటి సీజన్

రాతలోనూ నటనలోనూ ఈ నాలుగింటిలో ఇదే మేలైనదని నా అభిప్రాయం, ఇంటిల్లిపాదికీ సూచించలేనిది కూడా ఇదే. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో న్యూయార్క్ అగ్నిమాపక దళం 343 మందిని కోల్పోయింది. టామీ గావిన్ అనే ఉద్యోగి ఆ రోజు చనిపోయిన తన కజిన్ జిమ్మీతో ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు, తాగుతూనే ఉంటాడు, సంసారాన్ని చేతులారా చెడగొట్టుకుంటూనే ఉంటాడు. కొత్తగా చేరినవారి ముందు నిలబడి అతను చేసే ప్రసంగంతో సీరియల్ మొదలవుతుంది. కొనాలా వద్దా అన్నది ఆ కొద్ది నిమిషాల్లోనే తేలిపోతుంది.

రూపకర్తల్లో ఒకరూ ప్రధాన నటుడూ అయిన డెనిస్ లియరీకి ఈ దుఃఖం పరాయిది కాదు. మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో 1999 డిసెంబరు 3న ఒక శీతల గిడ్డంగి తగలబడినప్పుడు ఆరుగురు అగ్నిమాపక ఉద్యోగులు మరణించారు. వారిలో జెరమయా లూసీ ఆయనకు కజిన్. ఆ తరువాత ఆయన అగ్నిమాపక దళాలకు పరికరాలు, శిక్షణ సమకూర్చే ఫౌండేషన్ స్థాపించారు. సీరియల్లో మంటల కంటే మంటల తరువాతి మౌనానికి ఎక్కువ చోటు దక్కడానికి ఇదొక కారణం కావచ్చు.

బూతులు, తాగుడు, పడకగది దృశ్యాలు, జాతి మీదా లైంగికత మీదా మొరటు పరిహాసాలు విరివిగా ఉన్నాయి. వాటిలో కొన్ని పాత్రల అసలు స్వభావాన్ని బయటపెట్టేవి, మరికొన్ని ఆనాటి కేబుల్ టీవీ దుడుకుతనం మాత్రమే. ఆడవాళ్ల పాత్రలను రాసిన తీరు ఇవాళ చూస్తే చాలాచోట్ల ఇబ్బంది పెడుతుంది. పదమూడు ఎపిసోడ్లే కనుక వారాంతాల్లో ఒంటరిగా చూడదలచిన పెద్దవారికి నిడివి అనుకూలం. అయితే ఇది పూర్తిగా కొనసాగే కథ. మొదటి సీజన్ ఒక మజిలీకి చేరుస్తుందే తప్ప ముగింపునివ్వదు, నచ్చితే మొత్తం ఏడు సీజన్ల ఖర్చుకు మనసును సిద్ధం చేసుకోవాలి.

లండన్స్ బర్నింగ్

జాక్ రోసెంతాల్ రాసిన 1986 నాటి టీవీ చిత్రం దీనికి మూలం; సీరియల్ 1988లో మొదలైంది. బ్లాక్‌వాల్ అనే కల్పిత స్టేషన్‌లోని బ్లూ వాచ్ బృందం కథ ఇది, చిత్రీకరణ బెర్మండ్సీలోని డాక్‌హెడ్ స్టేషన్‌లో జరిగింది. వీరత్వం తక్కువ, వంటగది వేళాకోళాలు ఎక్కువ, జీతాల బాధలు నిజం. అమెరికన్ ఆర్భాటం గిట్టనివారికి ఇది హాయిగా ఉంటుంది. మూల చిత్రంతో మొదలుపెడితేనే పాత్రల బరువు తెలుస్తుంది కనుక అది పెట్టెలో ఉందో లేదో అడగండి. బ్రిటిష్ పెట్టెల మీద ‘సిరీస్ 1’ అంటే మొదటి సీజన్ మాత్రమే, మొత్తం కథ కాదు. రెండో ప్రాంతం, పాల్ పద్ధతి అన్న ఇబ్బంది ముందే చెప్పాను. బ్రిటన్‌లో ఉంటున్నవారికి అసలు సమస్యే కాదు.

పక్కన పెట్టినవి

‘9-1-1’ మొదటి సీజన్ 10 ఎపిసోడ్లే కావడం, ఫోన్ ఎత్తే కంట్రోల్ రూమ్ ఉద్యోగులకు కూడా కథలో చోటివ్వడం మంచి విషయాలు. కానీ విచిత్రమైన ప్రమాదాల మీద దానికున్న మోజు అగ్నిమాపక వృత్తి మీద లేదు. ‘స్టేషన్ 19’ వైద్య సీరియల్ ‘గ్రేస్ అనాటమీ’ నుంచి పుట్టినది; ఆ కుటుంబంతో పరిచయం లేనివారు దానిని విడిగా కొనడం దండగ.

ఎవరికి ఏది

పదేళ్ల పిల్లలున్న ఇంట్లో అందరూ కలిసి చూడాలంటే ‘ఎమర్జెన్సీ!’కి పోటీ లేదు. పారామెడిక్, నర్సింగ్ చదివే విద్యార్థులకు కూడా, నాటి వైద్య పద్ధతులు పాతబడినా, రోగి వివరాలను క్రమంగా చెప్పే అలవాటు కోసం అదే చూపిస్తాను. అమెరికాలో ఉంటున్న తెలుగువారు కొనే ముందు దగ్గరలోని ప్రభుత్వ గ్రంథాలయంలో అడగడం మంచిది, అక్కడ డీవీడీలు అరువిస్తారు. ‘రెస్క్యూ మీ’ లాంటి, నచ్చితే ప్రాణంగా నచ్చి లేకుంటే అసలు పొసగని సీరియల్‌కు అది సరైన దారి. ఇండియాలోని తల్లిదండ్రులకు పంపదలచినవారు ‘షికాగో ఫైర్’ మొదటి సీజన్ పంపవచ్చు, కాకపోతే ముందుగా వాళ్ల ప్లేయర్‌లో ఏదైనా అమెరికా డిస్కు వేయించి చూడాలి.

పాత ప్రతుల విషయంలో ధర కంటే అమ్మేవారి వివరణకు విలువ ఇవ్వండి. డిస్కుల సంఖ్య పెట్టె మీద రాసినదానితో సరిపోవాలి. మధ్య రంధ్రం చుట్టూ సన్నని పగుళ్లు ఉండకూడదు, ఎందుకంటే పెట్టెలోని బిగువైన పళ్ల నుంచి డిస్కును బలంగా లాగేవారి దగ్గర ముందు విరిగేది అక్కడే. డిస్కు చేతికి రాగానే మొదటి ఎపిసోడ్ చూసి తృప్తిపడకుండా, ప్రతి డిస్కులోనూ మధ్య ఎపిసోడ్లకూ, చివరి ఎపిసోడ్ చివరి పది నిమిషాలకూ వెళ్లి చూడండి. సమాచారం లోపలి అంచు నుంచి బయటికి నిండుతుంది, రెండు పొరల డిస్కుల్లోనైతే రెండో పొరలో సాధారణంగా బయటి అంచు నుంచి మళ్లీ లోపలికి వస్తుంది కనుక, వేళ్లు తగిలి మరకలు పడే అంచు భాగంలోనే ఆటంకాలు ఎక్కువగా బయటపడతాయి. ఆ పరీక్ష తిరిగి పంపే గడువు లోపలే పూర్తి చేయాలి.